ఆడవాళ్ళ పెట్టె

పాత రైలుపెట్టెకు ఏ రంగు వేయాలో తేల్చడానికి మా కమిటీ వాళ్ళు జమ్మలమడుగులో మూడు ఆదివారాలు కూర్చుని మాట్లాడారు. మూడు ఆదివారాలూ టీలు వచ్చాయి, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. గరుకు కాగితం మాత్రం ఎవరూ చేత్తో పట్టుకోలేదు.

కమిటీ అంటే పాత రైలుపెట్టెలను బాగుచేసే స్వచ్ఛంద సేవకుల కమిటీ. ఒక నాపరాళ్ళ వ్యాపారి ఎప్పుడో పాత ఇనుము వేలంలో ఒక ప్రయాణికుల పెట్టెను, ఒక గూడ్సు వ్యాగనును కొని తెచ్చి ఊరి బయట తన ఫ్యాక్టరీ పక్కన పెట్టుకున్నాడు. కొన్నాళ్ళు వాటిలో కూలీలను ఉంచాడు, కొన్నాళ్ళు పాలిష్ పొడి మూటలు వేశాడు. జమ్మలమడుగుకు రైలు వచ్చాక జనానికి ఉన్నట్టుండి పాత రైళ్ళ మీద ప్రేమ పుట్టింది. వ్యాపారి ఆ రెండింటినీ కమిటీకి ఇచ్చేసి పేపర్లో ఫోటో వేయించుకున్నాడు. కమిటీకి అధ్యక్షుడు రిటైరైన ఒక హెడ్మాస్టరు. సభ్యుల్లో రెండు పార్టీల కుర్రవాళ్ళూ ఉన్నారు, ప్రొద్దుటూరు నుంచి వచ్చే కాలేజీ పిల్లలూ ఉన్నారు. పులివెందుల నుంచి జీపులో ఒక జట్టు వచ్చేది. పులివెందులకు రైలు లేదు. రైళ్ళ గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడింది వాళ్ళే.

రంగు దగ్గర అంతసేపు ఎందుకు ఆగిందంటే, మా వైపు రంగు వట్టి రంగు కాదు. నీళ్ళ ట్యాంకు చూసి ఆ ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో చెప్పవచ్చు. బస్సు షెల్టరు చూసి సర్పంచి ఎవరి మనిషో చెప్పవచ్చు. ప్రభుత్వం మారితే శ్మశానం గోడకు కూడా కొత్త సున్నం పడుతుంది. అలాంటి చోట రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కరికీ కనిపించేంత పెద్ద రైలుపెట్టె దొరికితే ఊరుకుంటారా? ఒక పార్టీ కుర్రవాళ్ళు ఒక ఆదివారం అందరికంటే ముందు వచ్చి, తుప్పు మీదే, దుమ్ము మీదే, ఒక పక్కంతా తమ రంగు పూసి పోయారు. తరువాతి ఆదివారం ఇంకొక పార్టీ వాళ్ళు వచ్చి రెండో పక్క తమ రంగు పూశారు. ఒక్క వానకు రెండూ పెచ్చులుగా ఊడి కింద పడ్డాయి. ఆ పెచ్చుల మీద నిలబడి హెడ్మాస్టరు సమన్వయం గురించి ఉపన్యాసం ఇచ్చాడు.

నేను వాళ్ళలో ఎలా చేరానంటే, అక్షరాల వల్ల. నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. మా చర్చి కాంపౌండులో పాస్టరమ్మ మధ్యాహ్నాలు పెట్టిన తరగతిలో నేర్చుకున్నాను. మా తాతల కాలం నుంచే మిషను బడి ఉండింది. మా ఇంట్లో మగపిల్లలు దానికి పోయేవాళ్ళు, ఆడపిల్లలం చేలకు పోయేవాళ్ళం. చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్ళు అక్షరాలను గీకి పారేస్తారు. నేను వాటిని ముగ్గు వేసినట్టు ఒక్కొక్కటే వేస్తాను, ఇంకొక విధంగా నాకు రాదు. పేరు చెక్కించే స్తోమత లేనివాళ్ళ సమాధులకు నాపరాయి మీద నల్లరంగుతో పేర్లు రాసిపెట్టేదాన్ని. హెడ్మాస్టరు ఎవరినో మట్టి చేసే రోజు సమాధుల తోటకు వచ్చినప్పుడు ఆ అక్షరాలు చూశాడు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు చేత్తో రాసేవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు. వ్యాగను మీద నంబర్లు, పెట్టె మీద పేర్లు రాయడానికి నన్ను రమ్మన్నాడు.

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అని అడిగాడు.

"రాసేదానికి సరిపోయేంత సార్" అన్నాను.

రంగు తగాదా తీర్చింది మాత్రం హెడ్మాస్టరు కాదు. రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక వడ్రంగి సాయిబు ఎర్రగుంట్ల నుంచి బస్సులో వచ్చేవాడు. అందరం ఆయన్ను మేస్త్రీ అనేవాళ్ళం. మూడో మీటింగు సగంలో ఆయన లేచిపోయి, పెట్టె మూల అరచేతి మేర గీకడం మొదలుపెట్టాడు. ముందు అక్కడక్కడా మిగిలిన పార్టీ రంగు పోయింది. దాని కింద వ్యాపారి పూయించిన బూడిద రంగు. దాని కింద నీలం. దాని కింద ఎండిన ఇటుక లాంటి ఎరుపు వచ్చింది. అక్కడ చెయ్యి ఆపాడు.

"ఇదప్పా దీని రంగు. మీరంతా పుట్టకముందు నుంచి ఇదే. ఇది ఏ పార్టీదో చెప్పండి సూస్తాం."

వెనక నుంచి ఒక కుర్రవాడు, "ఎరుపంటే కమ్యూనిస్టులది కదా?" అన్నాడు.

"ఎరుపు కాదు నాయనా ఇది. తుప్పు పట్టినా కనపడకుండా ఉండేదానికి ఏసే రంగు. మీ అందరికీ సరిపోతాది" అన్నాడు మేస్త్రీ.

అలా పని మొదలైంది. స్వచ్ఛంద సేవకులు పొద్దున ఎనిమిదికి వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని, ఫోటోలు దిగి, ఎండ ఎక్కే వేళకు పోయేవాళ్ళు. ఒక కాలేజీ పిల్ల పావుగంటసేపు ఒకే బోల్టును తోమింది, దాని వీడియో తీయించుకుంది. తరువాత పెట్టె దగ్గర మిగిలేది మేస్త్రీ, నేను, నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే నలుగురు ఆడవాళ్ళు. ఆ నలుగురికీ ఆదివారం ఒక్కటే సెలవు. ఎందుకు వస్తారే అని అడిగితే, "ఇంటికాడున్యా పనే గద అక్కా. ఈడైతే సార్లు టీ ఇస్తారు" అని నవ్వేవాళ్ళు.

రెండు నెలల తరువాత పెట్టె వెనక చివర నేను గీకుతుండగా తెల్లటి గీతలు కనపడ్డాయి. మెల్లగా కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ముందు ఒక బొమ్మ తేలింది, తల మీద కొంగు కప్పుకున్న ఆడమనిషి తల. దాని పక్కన మూడు భాషల్లో అక్షరాలు. తెలుగులో ఉన్నది చదివాను. స్త్రీలు.

ఆ బొమ్మ నాకు బాగా తెలుసు. అక్షరాలు రాని రోజుల్లో దాన్ని చూసే మేము పెట్టె ఎక్కేవాళ్ళం. అయినా రైల్వేలో అలాంటి పెట్టెలు ఎన్నో ఉంటాయి అనుకుంటూ లోపలికి పోయాను. ఆ చివర మూడో వంతు పెట్టె విడిగా ఉంది. మధ్యలో చెక్క గోడ, వేరే తలుపు, రెండు పక్కలా చెక్క బల్లలు. కుడిపక్క రెండో కిటికీ దగ్గరికి పోయి చూశాను. ఆ కిటికీకి మధ్య చువ్వ లేదు. పైనా కిందా రెండు వేళ్ళంత మొండి మిగిలి ఉంది. నేను బల్ల మీద కూర్చుండిపోయాను.

ఆ చువ్వ కోసింది మా ఆయన.

మా ఆయన రైల్వేలో గ్యాంగుమన్. పట్టాల వెంట నడిచి బోల్టులు బిగించే పని. అప్పటి మా ఊరు కొండాపురం వైపు. నేనూ మా వీధి ఆడవాళ్ళూ కొండమీద దొరికే సీతాఫలాలు, రేగిపండ్లు, చీపుర్లు, కాలాన్ని బట్టి ఏది దొరికితే అది గంపలకెత్తి, పొద్దున ప్యాసింజరుకు ఎర్రగుంట్లకు పోయి, అక్కడ బస్సెక్కి ప్రొద్దుటూరులో అమ్ముకొచ్చేవాళ్ళం. మా స్టేషనులో రైలు రెండు నిమిషాలు ఆగేది. ఇరవైమంది ఆడవాళ్ళు, ఇరవై గంపలు, ఒకటే తలుపు. సగం గంపలు ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయేవి. ఒకరోజు రైలు సిగ్నలు కోసం నిలబడి ఉండగా మా ఆయన రంపం బ్లేడు తెచ్చి, ఎవరూ చూడకుండా ఒక కిటికీ చువ్వ కోసేశాడు. గంప దూరేంత సందు వచ్చింది. ఆ రైలుకు ఆడవాళ్ళ పెట్టెలు మూడు నాలుగు మారి మారి వచ్చేవి. చువ్వ లేని పెట్టె వచ్చిన రోజు మాకు పండగ. ఇద్దరు లోపలికి ఎక్కి నిలబడితే మిగిలినవాళ్ళు గంపలు అందించేవాళ్ళు. మా ఆయన పోయి చాలా కాలమైంది. మా ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగింది, నేను జమ్మలమడుగు చేరాను. ఆయన చేతిపని ఒకటి లోకంలో మిగిలి ఉందంటే ఆ కోసిన చువ్వే.

ఇప్పుడు పెద్దాయన సంగతి చెప్పాలి. పేరు అక్కర్లేదు. రాజకీయాల్లోకి వచ్చాక అందరూ ఆయన్ను పెద్దాయన అనే అంటారు. ఆ రోజుల్లో పాతికేళ్ళవాడు, మా పక్క ఊరి పెద్ద ఇంటివాడు. వాళ్ళ ఇంటికీ ఇంకొక పెద్ద ఇంటికీ ఫ్యాక్షను. ఇక్కడ ఒకడు పడితే అక్కడ ఒకడు పడేవాడు. పడేవాళ్ళు పెద్ద ఇళ్ళవాళ్ళు అనుకునేరు. ఎక్కువమంది జీతగాళ్ళే. నాతో గంప ఎత్తుకుని వచ్చే నా స్నేహితురాలి మొగుడు అవతలి ఇంట్లో జీతగాడు. యజమాని దొరకలేదని, బండి తోలుకుని వస్తున్న అతన్ని నరికారు. ఆ కేసులో మొదటి ముద్దాయి ఈ పెద్దాయనే.

కేసు ప్రొద్దుటూరు కోర్టులో నడిచేది. వాయిదా ఉన్న రోజు ఎర్రగుంట్ల దాకా రోడ్డు మీద జీపులో పోతే అవతలివాళ్ళు మాటు వేస్తారు. రైల్లో పోదామంటే స్టేషన్లలో వాళ్ళ మనుషులుంటారు. మా వైపు ఫ్యాక్షను మగవాళ్ళు ఒక సంగతి మీసం మెలేసి చెప్పుకునేవాళ్ళు: మేము ఆడవాళ్ళ జోలికి పోము, ఆడవాళ్ళున్న చోట కత్తి ఎత్తము అని. మొగుణ్ణి చంపితే ఆడదాని జోలికి పోయినట్టు కాదని వాళ్ళ లెక్క. ఆ గొప్ప నియమాన్ని నమ్ముకుని ఆ ఇంటివాళ్ళు ఒక ఉపాయం చేశారు. వాయిదా రోజు పొద్దున వాళ్ళ అమ్మ స్టేషనుకు వచ్చింది. మా చేతుల్లో నీళ్ళు పోయాలంటే చెంబు బారెడు ఎత్తి పట్టుకునే మనిషి ఆమె. ఆ రోజు మా మధ్య నేల మీద కూర్చుంది.

"తల్లుల్లారా, నా కొడుకును కాపాడండి. ఒక్క ఎర్రగుంట్ల దాకా" అని మా చేతులు పట్టుకుంది.

కాదనే ధైర్యం మాకు ఎక్కడిది? రైలు రాగానే ఆ మహావీరుడు ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కి బల్ల కింద పడుకున్నాడు. మేము బల్ల మీద కూర్చుని చీరలు కిందికి జార్చి, ముందు గంపలు పెట్టాం. మా వీధివాళ్ళను తన ఇంటి తిన్నె ఎక్కనివ్వని మనిషి మా కాళ్ళ కింద ముడుచుకుని పడుకున్నాడు. ఆ రోజు కులం గుర్తుకు రాలేదు పాపం. అతని తల ఉన్న వైపు నా స్నేహితురాలు కూర్చుంది. అంటే, తన మొగుణ్ణి చంపిన కేసు వాయిదాకు పోతున్నవాణ్ణి ఆమె తన కొంగు కింద దాచుకుని కూర్చుంది. అలా ఒకసారి కాదు, ఆ కేసు నడిచినన్నాళ్ళు ఐదారుసార్లు జరిగింది.

ఒకసారి ముద్దనూరులో అవతలివాళ్ళు నలుగురు ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. పెట్టె పెట్టె చూసుకుంటూ మా దగ్గరికి వచ్చి తలుపు దగ్గర ఆగారు. ఎక్కలేదు. వాళ్ళలో ఒకడు కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వ లేని సందులోంచి తల లోపలికి పెట్టాడు. నా స్నేహితురాలు గంప ఎత్తి అతని ముఖానికి అడ్డం పెట్టింది.

"రేగిపండ్లు కొంటావా అప్పా? కొనకపోతే తల తియ్యి. ఆడోళ్ళ పెట్టెలో తల పెట్టేదానికి సిగ్గుల్యా?"

వాడు తల తీసుకుని పోయాడు. రైలు కదిలింది. ఎర్రగుంట్లలో పెద్దాయన బల్ల కింద నుంచి లేచి, తెల్లచొక్కా దులుపుకుని, మా ముఖాలు చూడకుండా దిగి, తన కోసం వచ్చిన జీపెక్కాడు. బల్ల కింద చూస్తే రేగిగింజలు ఉన్నాయి. పడుకున్నంతసేపూ గంపలోవి తీసుకుని తిన్నాడు.

"ఎందుకు దాచినావు మే వాణ్ణి? చూపించింటే పోయేది కదా" అని ఆ రోజు బస్సులో అడిగాను.

"ఆడ నరికితే ఆ రగతం ఎవురు కడగాల? మనమే కడగాల" అని కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. కేసు సాక్షులు లేక కొట్టేశారు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెట్టెలో ఆ కిటికీ దొరికాక నేను ఆదివారాలే కాక మామూలు రోజుల్లో కూడా పోయేదాన్ని. బల్లల మీది మురికి గీకాను. చెక్క గోడను మేస్త్రీ సర్ది నిలబెట్టాడు. మూడు వారాలు సుఖంగా గడిచింది. నాలుగో వారం హెడ్మాస్టరు ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"ప్రారంభోత్సవానికి పెద్దాయన ఒప్పుకున్నారమ్మా! ఆ రోజుల్లో ఆయన కోర్టుకు ఈ ప్యాసింజరులోనే వెళ్ళేవారట. సామాన్య ప్రజల మధ్య కూర్చుని! చరిత్ర చూడు, ఎలా కలిసి వచ్చిందో."

కలిసివచ్చిన చరిత్ర కోసం ఏమేమి చేయాలో కూడా రాసుకొచ్చాడు. మధ్యలో చెక్క గోడ తీసేయాలి, పెట్టె అంతా ఒకటే హాలు చేయాలి. గోడల నిండా పెద్దాయన ఫోటోలు. స్త్రీలు అన్న అక్షరాల మీద రంగు కొట్టేయాలి. విరిగిపోయిన కిటికీకి కొత్త చువ్వ అతికించాలి, అది పులివెందుల జట్టు చేస్తుంది. తలుపు పక్కన బోర్డు నేను రాయాలి. బోర్డు మీది మాటలు ఆయనే రాసి తెచ్చాడు. ఫ్యాక్షను రోజుల్లో ప్రాణాలకు తెగించి, నిర్భయంగా, ప్రజల మధ్య, ఈ పెట్టెలో పెద్దాయన ప్రయాణించారని.

"యాడ కూసునేవాడంట సార్?" అని అడిగాను.

"అంత వివరం మనకెందుకమ్మా?"

"ఇది ఆడోళ్ళ పెట్టె కద సార్. బొమ్మ కూడా ఉండాది."

"ఈ కాలంలో ఆడవాళ్ళకు వేరే పెట్టె ఏమిటమ్మా? సమానత్వం వచ్చేసింది" అన్నాడు. కమిటీలో ఇరవై ముగ్గురు సభ్యులు. అందులో ఒక్క ఆడమనిషి పేరు లేదు. మేము ఐదుగురం గీకేవాళ్ళమే కానీ సభ్యులం కాము.

మేస్త్రీ చేతిలో ఉలి కింద పెట్టాడు. "బాగుచేయడమంటే ఉండేదాన్ని నిలబెట్టడం సార్. గోడ పీకేదానికి నేను రాను. చువ్వ ఏయడానికీ రాను."

"ప్రొద్దుటూరు నుంచి వేరేవాళ్ళను పిలిపిస్తాంలే" అన్నాడు హెడ్మాస్టరు. వచ్చే ఆదివారం గోడ తీయడానికి నిర్ణయమైంది.

మరుసటి రోజు నేను కొండాపురం బస్సెక్కాను. నా స్నేహితురాలు అక్కడ మునిగిన ఊళ్ళవాళ్ళకిచ్చిన కాలనీలో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేదు. జరిగిందంతా చెప్పాను.

"ఉంటే ఏంది, పోతే ఏంది? ఊరే పోయె. పెట్టె కోసం ఏడుస్తాండావా?" అంది.

కాసేపటికి ఆమే అడిగింది.

"కిటికీ ఉండాదా?"

"ఉండాది."

"చువ్వ?"

"ల్యా. మొండి అట్లనే ఉండాది."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. "నేనొచ్చి ఒకతూరి ఆడ కూసోవాల. ఈ కాళ్ళకు సూదులు ఏయిస్తాండారు. కొంచెం లేసినాక వస్తా. అంతవరకు ఎట్లనో ఒకట్ల ఉంచు మే దాన్ని" అంది.

ఉంచడానికి నేనెవరు? బస్సులో వస్తూ అదే ఆలోచించాను. హెడ్మాస్టరు నా మాట వినడు. కుర్రవాళ్ళకు పెద్దాయనతో ఫోటో కావాలి. పెద్దాయన మూడు పార్టీలు మారాడు కాబట్టి రెండు పార్టీల వాళ్ళకూ ఆయన తమవాడే. గోడను ఆపగలిగేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయనే.

శనివారం సాయంత్రం పెద్దాయన పెట్టెను చూడటానికి వచ్చాడు. మూడు కార్లు. నేను వ్యాగను పక్కన నిచ్చెన మీద నంబర్లు రాస్తున్నాను. ఆయన్ను ఇద్దరు చెరొక రెక్క పట్టుకుని ఆడవాళ్ళ పెట్టె మెట్టెక్కించారు. షుగరుతో లావెక్కి మనిషి వదులైపోయాడు, బొట్టు మాత్రం పెద్దది. లోపలికి పోతూ, వెంట వస్తున్నవాళ్ళను కిందనే ఉండమన్నాడు. నేను నిచ్చెన దిగి, రంగు చేతులతోనే, అవతలి పక్క తలుపులోంచి లోపలికి పోయాను.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు మా ముఖాలు చూసి ఉంటే కదా.

"ఏ ఊరమ్మా?" అన్నాడు.

మా ఊరి పేరు చెప్పాను. ఆయన కళ్ళు ఒకసారి కిటికీ మీదికి పోయి వచ్చాయి.

"ఆ ఊరు మునిగిపాయె కదా."

"ఊరే మునిగింది సామీ. మేమంతా బాగుండాము" అన్నాను. "రేపు ఈ గోడ తీస్తారంట. తీసినాక మీరు యాడ కూసున్యారో అందరూ అడుగుతారు. పేపరోళ్ళు వస్తారు కదా. ఆ పొద్దు ఈ పెట్టెలో వచ్చిన ఆడోళ్ళం ఇంగా ఐదారుమందిమి ఉండాము. పిలిస్తే వచ్చి చోటు సూపిస్తాము."

ఆయన బల్ల వైపు చూడలేదు. బల్ల కింద నేల వైపు చూశాడు.

"ఎవురన్నా అడిగినారా నిన్ను?"

"ఇంతవరకు అడగల్యా. ఇది ఆడోళ్ళ పెట్టెగానే ఉంటే, మొగోళ్ళు ఎవురూ కూసోల్యా కాబట్టి, అడిగేదానికేమీ లేదు."

అంతే అన్నాను. బెదిరించానని అనుకుంటే అనుకోండి. నా వయసులో, నా దగ్గర ఉన్న ఆయుధం అదొక్కటే. ఆయన ఎగపోస్తూ గోడ పట్టుకుని బయటికి నడిచాడు. అక్కడ హెడ్మాస్టరు చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఆడవాళ్ళ పెట్టె తీసేస్తారంట? బుద్ధుండాదా? ఆ గోడ ముట్టుకోవద్దు. బొమ్మ ముట్టుకోవద్దు. యాడుండేది ఆడనే ఉండాల."

"నేనూ మొదటి నుంచీ అదే అంటున్నానండీ" అన్నాడు హెడ్మాస్టరు.

కింద నిలబడి ఉన్న మేస్త్రీకి దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

ప్రారంభోత్సవం రోజు షామియానా వేశారు. బోర్డు నేను రాయలేదు, చెయ్యి నొప్పి అన్నాను. ప్రొద్దుటూరు నుంచి ఫ్లెక్సీ తెచ్చి మగవాళ్ళ వైపు తలుపు పక్కన కట్టారు. ప్రాణాలకు తెగించి అన్నది ఉంది, నిర్భయంగా అన్నది ఉంది. కూడబలుక్కుని మొత్తం చదివాను. చదువు నేర్చుకున్న పాపానికి ఇలాంటివి కూడా చదవాలి. పెద్దాయన మైకు పట్టుకుని, స్త్రీలను గౌరవించడం తన తల్లి నేర్పిందని, అందుకే దగ్గరుండి ఆడవాళ్ళ పెట్టెను కాపాడానని చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. పులివెందుల జట్టు లేచి నిలబడి కొట్టింది. మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కూడా కొట్టారు. వాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళకేం తెలుసు? నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు కావలసింది దొరికింది. దాన్ని ఇచ్చినవాడు తన సిగ్గు దాచుకోవడానికి ఇచ్చి, పేరు తన తల్లికి రాసుకున్నాడు. ఆ తల్లి మా చేతులు పట్టుకున్నది ఏ గౌరవంతోనో నాకు తెలుసు.

ఆ తరువాత స్వచ్ఛంద సేవకులు రావడం మానేశారు. వ్యాగనుకు రెండో పూత ఈనాటికీ పడలేదు. హెడ్మాస్టరు ఇంకొక చోట ఒక పాత బావి కనిపెట్టాడని విన్నాను. ఎండ నుంచి తప్పించుకోవడానికి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు మధ్యాహ్నం క్యారియర్లు తెచ్చుకుని ఆ పెట్టెలో కూర్చుని తింటున్నారు. ఫ్యాక్టరీ మేనేజరు ఒకసారి అడ్డుపడితే, "పెద్దాయనే చెప్పినాడు ఇది మాదని" అని వాళ్ళు అరిచారు. ఆ మాటకు ఆ పాటి ఉపయోగం ఉంది.

రెండు నెలలకు నా స్నేహితురాలు వచ్చింది. కర్ర పట్టుకుని ఆటో దిగింది. మేస్త్రీ కింద ఒక స్టూలు వేశాడు, నేను పైనుంచి లాగాను, ఎలాగో ఎక్కింది. తినేవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆమె కిటికీ మొండి మీద వేలు పెట్టి చూసింది. బల్లను అరచేత్తో నిమిరింది. కూర్చోలేదు. కర్ర ఆనించుకుని మెల్లగా వంగి, బల్ల కిందికి తొంగి చూసింది.

"ఇంత ఇరుకా మే ఇది? ఇందులో ఎట్ల పట్టినాడు వాడు?"

"అప్పుడు సన్నంగుండె" అన్నాను.

"ఎవురక్కా, ఎవురు?" అని తినేవాళ్ళలో ఒకతె ముద్ద చేతిలో పట్టుకుని అడిగింది. "యాడ పట్టినాడు?"

నా స్నేహితురాలు నా వైపు చూసింది. అడిగేదానికి ఏమీ లేదని నేను ఆయనకు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. అది నా మాట, ఆమెది కాదు. ఆమె నోటికి అడ్డం పడే హక్కు నాకు లేదు. నేను తల ఊపాను.

ఆమె బల్ల మీద కూర్చుని, నొప్పికాళ్ళు ముందుకు చాపుకుని, కర్రతో బల్ల కింద తట్టి చూపించింది.

"ఇదిగో, ఈడ. మీ పెద్దాయన. నా మొగుణ్ణి సంపి, నా కాళ్ళకింద పండుకొని, నా గంపలోని రేగిపండ్లు తిన్యాడు. మీరు తినండి, సల్లారిపోతాది. తింటా ఇనండి, చెప్తా."